మూడో మగ్గం

బరంపురంలో ఆ ఏడు పట్టు ధర కొండెక్కితే
దండాసి మావ మూడో మగ్గం విప్పేశాడు.
పన్నె మొదటిదానికి, నాడె రెండోదానికి,
చెదపట్టిన దోనె పొయ్యిలోకి.
కర్ర ఏడ్చిందో లేదో గాని
ఖాళీ గుంటలో కాళ్ళు పెట్టుకుని ఆయన
చాలాసేపు లేవలేదు.

అదే రాత్రి మెడికల్ కాలేజీ ల్యాబులో
గాజు పళ్ళెంలో కణాలకు
నేను సాయంత్రం నుంచి అన్నం ఆపాను.
అమ్మ వింటే పాపమంటుంది.
మైక్రోస్కోపు కింద పచ్చచుక్కలు,
ముందు ఒకటీ అరా, తర్వాత గుప్పెడు.
కణం తన పాత సామాను తానే మూటగట్టి
అరిగించే గదికి మోసుకుపోతోంది.

ఎవరు చెప్పారు దానికి?
ఎంటార్ అని ఒకడున్నాడు, గాదె ముందు కాపలా.
గింజలు పడుతున్నంతసేపూ
యూఎల్‌కే వన్ ఒంటిమీద ఒక బొట్టు పెట్టి
"కదలకు" అంటాడు.
గాదె అడుగు కనపడిందా, ఆ చెయ్యి జారిపోతుంది.
అప్పుడొస్తుంది ఏఎంపీకే,
నెలాఖరు చిల్లర లెక్కపెట్టే ఇల్లాలు.
అదే భాస్వరపు బొట్టు
కాస్త పక్కగా పెట్టి
"ఇక లే" అంటుంది.
కుంకుమ ఒకటే. చోటు మారితే మాట మారుతుంది.
ఇది చదివి పరీక్ష రాస్తే నాకు పదికి ఏడొచ్చాయి,
అర్థమవడానికి మాత్రం
మావ ఇంట్లో మగ్గం విప్పాల్సొచ్చింది.

పొద్దున్నే టీ తెచ్చాడు. చెప్పాను. నవ్వలేదు.
"తిండున్నన్నాళ్ళూ అటకెవుడు దులుపుతాడే" అన్నాడు.
గ్లాసు సగం తాగి,
"మరి ఆపీదెవుడు?
ఇలగే ఇప్పుకుంటా పోతే రెండోదీ పోద్ది, ఒకటోదీ పోద్ది.
గుంటలు మిగుల్తాయి."

జవాబుంది. రాత్రంతా చూసిందే.
విప్పిన సామానే నలిగి గింజలై గాదెలో రాలితే
ఆ చప్పుడుకి కాపలావాడికి మెలకువొస్తుంది.
పాత చోటే పాత బొట్టు పెడతాడు.
అంతవరకే చెప్పాను.
రెండు పళ్ళేల్లో తెల్లారినా
ఎవరూ లేవలేదన్న సంగతి
నోటిదాకా వచ్చి ఆగింది.

లోపల అత్త కుంభం అంచు నేస్తోంది,
మూడోదాని నాడె రెండోదాంట్లో
ఇంకా కొత్త కోడలిలా తడబడుతోంది.
మావ చేతిలో పట్కారు.
కింద పెట్టాడు.
మళ్ళీ తీసి నడుముకి దోపుకున్నాడు.