వరద గీతకు పైన

పెద్ద షోరూంలో మూడేండ్లు బట్టలు మడిచినోణ్ని.
కాలరు కింద అట్టముక్క,
ఒక్క ముడత లేకుండా.
ఫక్కీరమ్మ నా మడతను ఒకసారి తిప్పి చూసి
విదిలించి కుప్పలో ఏసింది.
"ఇట్ల మడిస్తే కొత్తదనుకొని భయపడిపోతారబ్బీ.
చెయ్యి పెట్టి కెలికేటట్ల ఉండాల."

కర్నూలు పాతబస్తీలో హంద్రీ పక్కకు దిగే సందు.
పదడుగుల కొట్టు.
లోపలి గోడ మీద వరద గీత,
నా తలకు మూరెడు పైన, బెల్లం రంగులో.
ఎన్ని సున్నాలేసినా మళ్లీ బయటికొస్తాది.
సరిగ్గా ఆ గీత మీదనే మేకులు కొట్టింది ఆమె.
పట్టుచీరలన్నీ అక్కడి నుంచి పైకి.
"నీళ్లకు అందనివి" అంటాది.
నవ్వుతాందో లేదో తెలీదు.

ఎర్రవి వాకిట్లో పెట్టొద్దంటాది.
మన ఎండ మూడు దినాల్లో తాగేస్తాది వాటిని.
తెల్లవి పెట్టు,
ఎండకు తెల్లచొక్కా ఇంకా తెల్లగైతాది,
ఈ ఊరి ఎండ చేసే పుణ్యం అదొక్కటే.

సైజుల లెక్కన కాదు, పోయే చోటు లెక్కన తగిలించమంది.
బేల్దారి పనికి పోయేవి ఒక దండెం,
పెండ్లికి పోయేవి ఒక దండెం,
కోర్టుకు పోయేవి ఒకటి.
కోర్టుకా? అన్నాను.
"వాయిదాకు పోయేటోడు కొత్తది తొడిగితే
డబ్బున్నోడనుకుంటారు.
పాతది తొడిగితే తప్పు చేసినోడనుకుంటారు.
వానికి ఆ నడిమిది కావాల."
సోమవారం పదిగంటలకల్లా
ఆ దండెం సగం ఖాళీ.

ప్రతి జేబూ తిప్పి చూడాల.
నంద్యాల బస్సు టికెట్టు, సగం తిన్న మాత్రల అట్ట,
కాగితంలో చుట్టిన పాలపన్ను.
అన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో ఏసి
గల్లాపెట్టె పక్కనే పెడతాది.
ఇంతవరకు ఎవరూ అడగలేదు.
డబ్బా మాత్రం దినామూ తుడుస్తాది.

చిరుగున్న చీరైతే
చిరుగు బయటికి కనపడేటట్ల మడవమంటాది.
"చిరుగు ముందు చూపు, రేటు తర్వాత చెప్పు.
దాచినావా, లేని చిరుగు గూడా వెతుకుతారు."

పోయిన వారం ఆటోలో ఒక బొమ్మను దించింది,
పాత సామాన్ల అంగట్లో నూటాయాభైకి.
ఎడమ చెయ్యి లేదు.
ముఖం చూడకముందే గుర్తుపట్టినాను.
మూడేండ్లు దానికి చీరలు కట్టింది నేనే.
దసరా రద్దీలో నిచ్చెన జారి
దాని మీద పడింది నేనే.
ఆ చెయ్యి విరిగిన సాయంత్రమే
నా లెక్క చూసి చేతిలో పెట్టినారు.

ఫక్కీరమ్మకు చెప్పలేదు.
మామిడిపిందె రంగు చీర కట్టి
పల్లూ బాగా కిందికి జార్చి
లేని చెయ్యి కనపడకుండా సర్దినాను,
పక్కన ఒక సంచి గూడా తగిలించి.
ఆమె వచ్చి సంచి తీసేసింది.
పల్లూ పైకి లాగి పిన్ను పెట్టింది.
నా పక్క చూసింది.
ఏమీ అనలేదు.

మధ్యాన్నం మిరపకోతకు పోయే సుంకులమ్మ
ఎండలో నిలబడి బొమ్మను చాలాసేపు చూసింది.
చీర అంచు రెండు వేళ్లతో నలిపి
ఎంత? అనింది.

దీని చెయ్యి విరగ్గొట్టింది నేనేనమ్మా, అన్నాను.
లోపల ఎవరో దండెం జరిపిన చప్పుడు.

తర్వాత రేటు చెప్పినాను.