మాత్ర వేసుకున్న రోజు

ఏడున్నరకి మాత్రలు,
గోధుమరంగు జున్ను పెట్టిన రొట్టె ముక్కతో.
పరగడుపున వేసుకుంటే బస్సులో వాంతి.
ఒకసారి అయింది కూడా.
తొమ్మిదిన్నరకి వెలుగు.

ఆ రెండు గంటలూ
మందు ఒంట్లో పడుకునే ఉంటుందట,
దీపం వెలిగిస్తే గాని లేవదట.
నర్సు రన్‌వైగ్ చెప్పింది.
మా పెద్దాడి లాంటిదన్నమాట, అన్నాను.

హామర్‌ఫెస్ట్‌లో నవంబరు నుంచీ సూర్యుడు లేడు.
మధ్యాహ్నం పూట సముద్రం మీద కాస్త నీలం,
మళ్లీ చీకటి.
ఆసుపత్రి నేలమాళిగలో మాత్రం
నిలువెత్తు గొట్టాల బీరువా ఒకటుంది.
బట్టలు విప్పి, కళ్లకు మూతలు పెట్టుకుని
లోపల నిలబడతాను.
మొదటి రోజు ఒక్క నిమిషం.
ఇవాళ ఆరు నిమిషాల నలభై సెకన్లు.

ఇరవై రెండేళ్లు చేపల ఫ్యాక్టరీలో కత్తి పట్టాను.
కాడ్ చేప పొలుసు గీకితే పోతుంది,
నాది గీకితే నెత్తురు.
సాయంత్రం ఏప్రను దులిపితే
ఏవి చేపవో, ఏవి నావో.
కొత్తగా చేరిన పిల్ల
నేను తాగిన కప్పు రెండుసార్లు కడిగేది.
ఇది అంటేది కాదమ్మా అని చెబుదామనుకుని,
మర్నాటి నుంచి నా కప్పు నేనే తెచ్చుకున్నాను.

తారు పూశారు, దిండు గలీబులు నల్లబడ్డాయి.
ఉత్త వెలుగు సగం దాకా వచ్చి ఆగింది.
ఇప్పుడు మందూ వెలుగూ కలిసి
మోచేతి మీద పని చేస్తున్నాయి.
మొన్నటిదాకా అక్కడి మచ్చ మా ఎదుటి దీవంత.
ఇవాళ, పోటొస్తే మునిగే బండంత.

జనవరి ఇరవై ఒకటి.
బడిపిల్లలు జాము బన్నులు పట్టుకుని
సూర్యుణ్ణి చూడ్డానికి కొండెక్కుతున్నారు.
నేను బస్టాపులో, నల్ల కళ్లద్దాలు,
ముక్కు దాకా మఫ్లరు, ఉన్ని తొడుగులు.
మాత్ర వేసుకున్న రోజు ఎండ తగలకూడదు.
రెండు నెలలు రానివాడు
ఇవాళే రావాలా!

వచ్చాడు.
కొండ సందులో, చేపగుడ్ల తిత్తిలా, ఎర్రగా.
కళ్లద్దాల్లోంచే చూశాను.
నాలుగు నిమిషాలున్నాడు,
నా బీరువా కన్నా తక్కువే.

పరిగెత్తుతూ దిగిన ఒక పిల్లాడు ఆగి,
ఈ చీకటి కళ్లద్దాలేమిటో అడక్కుండా
సగం కొరికిన బన్ను నా చేతిలో పెట్టి పోయాడు.
అక్కడే నిలబడి తిన్నాను.
తొడుగుకి జాము అంటింది.
ఇంకా ఉతకలేదు.