గోరంత బోర్డు

సువర్చల ఫోను నా చేతిలో పెట్టింది.
"రేపు రాత్రికి స్టోర్‌లో పెడతాం చిన్నాన్నా.
బొమ్మ ఎలా ఉంది, రాత ఎలా ఉంది,
మొహమాటం లేకుండా చెప్పు."

ముప్పై ఏడేళ్లుగా పర్లాకిమిడిలో బోర్డులు రాస్తున్నాను.
పైవరస ఒడియా, కింది వరస తెలుగు.
గుండ్రాలు అవే.
వాళ్లు అక్షరానికి గొడుగు పడతారు,
మనం తలకట్టు పెడతాం.
పాతపట్నం బస్సు మలుపు తిరిగేలోగా
కిటికీ పక్కనున్నవాడికి అందాలి, అదీ నా కొలత.
ఇదేమో గోరంత బోర్డు.
దాటిపోయేది బస్సు కాదు, బొటనవేలు.

ముందు కళ్లద్దాలు తీసేశాను.
మసకలో నిలబడేదే బొమ్మ.
ఎర్రటి మంట, పసుప్పచ్చ నాణేలు, ఒక బాణం,
మధ్యలో నోరు తెరిచిన ఏదో.
కోడా? గాడిదా?
"కొంగ" అంది, చిన్నబుచ్చుకుని.

సరే, ఆడి చూశాను. టీ చల్లారిపోయింది.
కరెంటు తీగల మీద కొంగలు,
తెల్లవి, బూడిదవి, ఒకటీ అరా నీలివి,
కలగాపులగంగా కూర్చుని ఉంటాయి.
ఒకే రంగువి నాలుగు ఒక తీగ మీదికి చేరిస్తే
రెక్కలు విప్పి వెళ్లిపోతాయి.
తీగ కాసేపు ఊగుతుంది.
ఆ ఊగడం చూడ్డానికే మళ్లీ ఆడాను.

"మరి బయట ఇది ఎవరి మీద అరుస్తోందే?"
"అందరివీ అలాగే ఉన్నాయి.
అరవకపోతే ఎవరూ ఆగరంటాడు లింగరాజ్."

సంతలో అందరూ అరుస్తుంటే
నోరు మెదపకుండా నిమ్మకాయలు పేర్చుకునే
సవర ముసలమ్మ దగ్గరే
మా ఆవిడ ఆగుతుంది. ఎందుకో అడగలేదెప్పుడూ.

కింద ఐదు తెరబొమ్మలు. మొదటిది నిధి పెట్టె.
ఆటంతా వెతికినా పెట్టె లేదు.
ఊగే తీగ ఐదోది.
సైకిలు షాపు బోర్డు మీద ఏనుగును వేస్తామా?

ఇక రాత.
"ప్రపంచంలోనే మొదటి స్థానం."
ఇంకా స్టోర్‌లోకే రాలేదు కదమ్మా.
"లక్షల మంది మెచ్చిన ఆట."
మీరిద్దరూ, మీ అమ్మా, ఇప్పుడు నేనూ.
"మతిమరుపు మాయం!"
అక్కడ నా వేలు ఆగిపోయింది.

ఒకప్పుడు ఒక వైద్యుడికి రాశాను,
ఎర్ర ఎనామిల్‌లో, జానెడేసి అక్షరాలు:
ఎంతటి పక్షవాతమైనా నలభై రోజుల్లో నయం.
నలభై ఒకటో రోజున ఒకావిడ
ఆయన దగ్గరికి కాదు, నా దగ్గరికొచ్చింది.
"రాసింది నువ్వే కదా బాబూ" అంది.
తిట్టలేదు.
కడిగిన బ్రష్షునే కడుగుతూ కూర్చున్నాను.
మర్నాడు నిచ్చెన వేసుకుని నయం చెరిపేశాను.
ఆయన ఇంకొకరి చేత రాయించుకున్నాడు.
ఒప్పుకోవాలి, వాడి "య" నా "య" కన్నా బాగుంది.

"అయితే ఏం రాయమంటావు?"
"ఉన్నదే.
తీగల మీద కొంగల్ని సర్దండి. తొందర లేదు."
"అంతేనా?"
"నాలుగు చేరితే ఎగురుతాయని కూడా రాయి.
ఆ ఒక్కటీ దాచుకోకు."

అరుగు మీదే ల్యాప్‌టాప్ తెరిచింది.
మంట పోయింది, నాణేలు పోయాయి.
బాణం దగ్గర పోట్లాడుకున్నాం.
చీకటి పడేవేళకి అదీ పోయింది.
మిగిలింది నీలం, ఒక గీత,
గీత మీద తెల్లగా ఒక్కటి.

టీ కొట్టు బల్ల మీద
బిస్కెట్ల డబ్బాకి ఫోను ఆనించి
ఎనిమిది అడుగులు వెనక్కి నడిచాను.
అంత దూరానికి కొంగ లేదు, చుక్క ఉంది.
చిన్నప్పుడు కొంగల బారు పోతుంటే
గోళ్లు రుద్దుకుంటూ పువ్వు అడిగేవాళ్లం.
అడిగిన వారానికో నెలకో
గోటి మీద తేలేది ఇంత చుక్కే.

సువర్చల నా మొహంకేసి చూస్తోంది.
నేనింకా ఏమీ అనలేదు.
గ్లాసులు ఏరుకుంటూ వచ్చిన కూర్మయ్య
వంగి, "ఎవరిదీ ఫోను? సున్నం పడింది" అని
వేలితో తుడవబోయాడు.

తీగ ఊగింది.