గ్రేడింగు

పదకొండో నంబరు గది. బోర్డు మీద
'మానసిక వైద్య విభాగం' అని పచ్చరంగు అక్షరాలు,
తడి ఆరకముందే ఎవరిదో భుజం రాసుకున్న మరక.
సోంపేటలో నా మొదటి నెల
ఆ గదిలోకి వచ్చినవాళ్ళు ముగ్గురు:
దారి తప్పిన ఒక గర్భిణి,
ఫ్యాను బాగుచెయ్యడానికి ఎలక్ట్రీషియను,
తలుపు సందులోంచి తొంగిచూసి
"పిచ్చి డాక్టరమ్మ సిన్నపిల్లేరా" అని పరిగెత్తిన కుర్రాడు.

వరండాకి అవతల డయాలసిస్ వార్డు.
అక్కడ మంచం ఖాళీగా ఉండదు.
కొబ్బరితోటల మధ్య పుట్టి
కొబ్బరినీళ్ళు ముట్టకూడని మనుషులు
గ్లాసుతో కొలిచిన దాహాన్ని తాగి వచ్చి
వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు
పైకప్పు పెచ్చులు లెక్కపెట్టుకుంటారు.

ఒక మంగళవారం స్టాప్లరు కోసం వెళ్తే
నాలుగో మంచం మీది బల్లెడ దానయ్య
నా మెడలో కార్డు సిస్టరు చేత చదివించుకుని అన్నాడు:
"ఈ మిషను నా రగతం కడుగుతాది, సరే.
బుర్ర ఎవులు కడుగుతారమ్మా?"

ఆ సాయంత్రమే నా ప్లాస్టిక్ కుర్చీ
వరండా దాటింది.
ఏ జీవో ప్రకారం, అన్నారు సూపరింటెండెంటు గారు.
కుర్చీకి జీవో ఏమిటి సార్, అన్నాను.
తర్వాత మెమో వచ్చింది. దాచుకున్నాను.

పుస్తకం ఇచ్చిన ప్రశ్నలు పట్టుకెళ్ళాను, తొమ్మిది.
'గత రెండు వారాలుగా విషణ్ణత కలిగిందా?'
"ఇసన్నత... ఏ ఊరిదమ్మా?" అంది తులసమ్మ.
వార్డంతా నవ్వింది, నేనూ నవ్వాను.
వాళ్ళ దగ్గరున్నవి వేరే మాటలు:
గుబులు, నీరసం, ఏటీ తోచదు,
కడుపులో ఎవులో కూకున్నట్టుంటాది.
సున్నా నుంచి మూడు దాకా అంకె వెయ్యమంటే
నన్ను నొప్పించడం ఇష్టంలేక
అన్నిటికీ ఒకటి వేశారు.

తులసమ్మ పలాసలో ఇరవై రెండేళ్ళు జీడిపప్పు ఏరింది.
జీడినూనె తినేసిన వేళ్ళు,
ముద్ర పడక ఆధార్ మిషను దగ్గర ఓడిపోయిన వేళ్ళు.
గొట్టాలు లేని చెయ్యి ఎత్తి చెప్పింది:
"అంకెలెందుకు? పప్పు ఏరినట్టు ఏరు.
ఇయాల గుండునా, బద్దనా, ముక్కనా,
నూకైపోనానా, అదడుగు. సెప్తాం."

మిషన్లు నడిపే లోకనాథం
బరువూ బీపీ రాసే రిజిస్టరులో
స్కేలు పెట్టి ఇంకో గడి గీశాడు.
గు. బ. ము. నూ.
నూ పడితే నా ఫోను మోగాలి, అర్ధరాత్రయినా.
మూడుసార్లు మోగింది.
మూడుసార్లూ అతని బండి వెనక కూర్చుని
తోటల్లోంచి, కుక్కల అరుపుల్లోంచి వెళ్ళాను.
ఒకచోట మాట్లాడలేదసలు. తెల్లారేదాకా
అరుగు మీద ఊరికే కూర్చున్నాం.

అన్నీ కలిసిరాలేదు.
కవిటి నుంచి వచ్చే హేమరాజు, పాతికేళ్ళు,
వచ్చిన ప్రతిసారీ 'గుండు' అనే చెప్పాడు, నవ్వుతూ.
ఒక గురువారం మంచం ఖాళీ.
మేం వెళ్ళేసరికి వాళ్ళమ్మ
కొబ్బరిపీచు ఒలుస్తూనే ఉంది. తల ఎత్తలేదు.
అప్పటినుంచి లోకనాథం
గుండు అన్నవాళ్ళ మొహం వైపు
ఇంకాసేపు చూసి గాని రాయడు.

శ్రీకాకుళంలో సమీక్ష. ఏసీ హాలు.
ఇన్నోవేషన్ అన్నారు కదా, యాప్ ఏది, అన్నారొకాయన.
రిజిస్టరు తెరిచాను. కుర్చీ ఖరీదు చెప్పాను.
ఈ 'నూ' ఏమిటి, అని అడిగారు.
చెప్పడం మొదలుపెట్టాను.
టీ వచ్చింది.

ఇవాళ వాన. కరెంటు రెండుసార్లు పోయింది.
దానయ్య బద్ద.
కొత్తగా చేరిన లెక్కల మేస్టారు ముక్క,
ముక్కే గాని మొన్నటికన్నా పెద్దది, అన్నారు.
కుర్చీ వెనక్కి జరుపుతుంటే తులసమ్మ:
"అందరినీ ఏరతావు డాక్టరమ్మా.
మరి నిన్నెవులు ఏరతారు?"

లోకనాథం పెన్ను టోపీ తీసి ఆగాడు.
పేజీ అడుగున ఒక వరస ఖాళీ ఉంది.

బద్ద, అన్నాను.
రాసుకున్నాడు.