డిస్కు తీసేసిన పెట్టెలు

స్వాన్సీలో, రేవు దగ్గరి కమ్యూనిటీ హాలు నేలమాళిగలోకి
పద్నాలుగు పెట్టెలు దించాం.
ఉక్కు ఫ్యాక్టరీ డ్రాయింగ్ ఆఫీసు మూసేసినప్పుడు
తుక్కు కింద తూచి ఇచ్చారు.
మూడు లేవలేదు.
ఒకదాని లోపల ఎలుక గూడు,
గూట్లో ఎవరివో జీతం రసీదుల ముక్కలు.

మిగతా పదకొండింటికి
స్క్రూలు విప్పి డిస్కులు తీశాను.
అరచేతిలో బరువుగా, చల్లగా
పదిహేనేళ్ల పని.
చెప్పుల డబ్బాలో పేర్చి మూత పెట్టాను.

ఇక వీటికి సొంత జ్ఞాపకం లేదు.
పొద్దున్నే స్విచ్ వేస్తే
తీగ చివర ఎవరో ఉన్నారని నమ్మి అడుగుతాయి:
నేనెవర్ని?
పై అంతస్తులో, చీపుళ్ల అలమరలో ఉన్న సర్వరు
ఓపిగ్గా పదకొండుసార్లు చెబుతుంది.
ఆలోచన అక్కడ, బొమ్మ ఇక్కడ.
ఎరువు సొమ్ము బరువు చేటంటారు గాని
వీటికి ఎరువే తేలిక.
తియ్యా పెట్టా రోజూ ఉన్నదే,
తగాదా లేదు.

మంగళవారం క్లాసుకి ఎమ్రిస్ వచ్చాడు.
అరవై రెండేళ్లు. ఉద్యోగానికి ఫారం నింపడం నేర్చుకోవాలట.
మెట్ల పక్క ఖాళీ కుర్చీ వదిలేసి
వరస చివరిదాకా నడిచి
ఏడో పెట్టె మీదికి వంగాడు.
టీ మగ్గు వదిలిన గుండ్రటి మరక,
పక్కనే మేకుతో గీసిన చిన్న బాణం.
"ఇది నాది" అన్నాడు,
స్టేషన్లో పోయిన గొడుగు దొరికినట్టు.

"నా కొలిమి మూత డ్రాయింగు ఉందా ఇందులో?
మూడో మడత దగ్గర ఒక కొలత తప్పేశాను.
ఎవరికీ చెప్పలేదు."
లేదన్నాను. తీసేశానన్నాను.
"మరి ఆ చప్పుడేమిటి?"
ఫ్యాను.
చెవి దగ్గరగా పెట్టి కాసేపు విన్నాడు.
"అప్పుడూ ఇట్లానే గొణిగేది."

చెప్పుల డబ్బా సంగతి నోటిదాకా వచ్చింది.
ఏ డిస్కు ఏ పెట్టెదో
రాసి పెట్టుకోలేదు నేను.
మింగేశాను.

ఫారంలో 'అనుభవం' అన్న గడి దగ్గర ఆగిపోయాడు.
ఫారం కిందికి దించేసి
బొమ్మలు గీసే ప్రోగ్రాం తెరిచాడు.
ఒక వంపు. వంపు లోపల వంపు.
గీత మెట్లెక్కి పైకి వెళ్లి
మళ్లీ దిగి అద్దం మీద పడడానికి
రెప్పపాటు ఆలస్యం.
ఆ రెప్పపాటుని పట్టేశాడు.
చెయ్యి నెమ్మది చేసుకున్నాడు,
మన భాష కొత్తగా నేర్చుకుంటున్నవాడితో
మాట్లాడినట్టు.

మూడో మడత దగ్గర ఒక అంకె వేశాడు.
సరైనదేనా అని నేనడగలేదు.
ఎక్కడ దాచాలి అన్నాడు.
పైన, అన్నాను.
మెట్ల వైపు చూసి
కళ్లజోడు చొక్కాకి తుడుచుకున్నాడు.
క్లాసు ఇంకా ఇరవై నిమిషాలుంది.
ఫారం ఖాళీ.