ఒంటడుగు ఊస

కరెంటు పోయింది. రాజాంలో,
బొబ్బిలి రోడ్డు మలుపు దగ్గర
కూర్మయ్య మావ వెల్డింగు షాపు.
నిప్పురవ్వలు ఆగిపోతే
నిశ్శబ్దం కూడా ఇనుము వాసనేస్తుంది.

గోడకి చేరగిలబడి ఏడు ఊసలు.
ఒకడుగుది, రెండడుగులది, అలా మెట్లు మెట్లుగా
ఏడడుగుల దాకా. ఏ రెండూ ఒక్క పొడవు కావు.
ఎవరి గేటుకో, ఎవరి కోళ్ళగూటికో పోగా
మిగిలిపోయిన తునకలు.

"ఒరే గుంటడా, ఉత్తినే కూకోకపోతే
ఈటితో ఎన్ని ముక్కోణాలు లెగుస్తాయో సెప్పు.
ఇరగ్గొట్టకూడదు, వంచకూడదు.
కరెంటొచ్చేలోగా సెప్తే టీ నాది."

పదో తరగతి లెక్కల్లో
పందొమ్మిదితో పడ్డవాణ్ణి.
ఏడింట్లోంచి మూడేసి ఏరితే
తేలిన జట్లు ముప్పయ్యయిదు.
సరిగ్గా ముప్పయ్యయిదు!
ఆవేళ నాకు రాని అంకె
ఇవాళ సుద్దముక్క కొన మీదకొచ్చి కూర్చుంది.

కానీ జట్టు కట్టినవన్నీ లేవవు.
రెండునీ మూడునీ ఆరు మీద ఆనించాను:
నడుమ అడుగు మేర ఎడం,
నాగావళికి అటొకరూ ఇటొకరూ నిలబడి
చేతులు చాపినట్టు.
అదే రెండు, అదే మూడు, ఈసారి అయిదు మీద.
కొనకి కొన తగిలింది గాని
లేవలేదు. ఒళ్ళంతా వాల్చి
అయిదుతో పాటు ఒకే గీతై పడుకున్నాయి.

"పొట్టోలిద్దరూ కలిసి
పొడుగోడికి సమానమైతే సాలదొరే.
నిలబడ్డానికి కూసింత మిగలాల."
బీడీ ముట్టించుకుంటూ మావ అన్న ముక్క
బడిలో ఎవరైనా చెప్పే ఉంటారు.
నాకు ఇనుము చెబితేనే వినపడింది.

పెద్దదాన్ని కింద పరిచి
లెక్కపెట్టుకుంటూ పోయాను.
నాలుగు మీద ఒక్కటే లేచింది. అయిదు మీద రెండు.
ఆరు మీద నాలుగు గుడారాలు. ఏడు మీద అయిదు.
"పన్నెండు మావా."

"మూడూ అయిదూ ఏడూ ఏటైపోనాయి?"

అదీ పడుకునే రకమే అనుకుని వదిలేశాను.
ఊసలు తెచ్చి నేల మీద పేర్చి చూద్దును కదా,
రెండు వేళ్ళు తక్కువ రెండడుగుల ఎత్తు!
కూడితే మిగిలింది ఒక్క అడుగు,
దానికే అంత శిఖరం.
పదమూడు.

అప్పుడు చూశాను.
పదమూడింట్లో ఏ ఒక్కదానిలోనూ
ఒంటడుగు ఊస లేదు.
అది ఎవరి పక్కన చేరినా
ఆ పక్కవాడికంటే మూడోవాడు
ఒకడుగైనా పొడుగు.
మహా అయితే సరితూగుతుంది.
మిగలదు.
ఎన్ని ఊసలు తెచ్చి కలిపినా,
వంద అడుగుల దాకా పేర్చినా,
దాని వంతు ఆ గోడే.

"దాని తప్పేటుంది," అన్నాడు మావ,
నేను అడక్కుండానే.
"ఏ రెండూ ఒక్కలాగుండకూడదన్నది
మనం ఎట్టుకున్న సరతు."

కరెంటొచ్చింది. దాని వెనకే
పునుగుల బండి సూరపమ్మ వచ్చింది,
బల్బు వేలాడదీయడానికి ఏదైనా సెయ్యి బాబూ అంటూ.
ఇరగ్గొట్టకూడదన్న మనిషే
ఏడడుగుల ఊసని నడిమికి కోశాడు.
మూడున్నర, మూడున్నర. కవలలు.
వాటి కాళ్ళ మధ్య ఒంటడుగుని పడుకోబెట్టి
మొహానికి అద్దం అడ్డుపెట్టుకున్నాడు.
నీలం మంట. నేను తల తిప్పుకున్నాను.
మళ్ళీ చూసేసరికి
తేలినీలాపురం కొంగ మెడ సాచినట్టు
సన్నగా నిలబడి ఉంది.

నేల మీద, ఏడుతో కట్టిన నా ఆరు గీతలూ
అబద్ధమైపోయాయి.
చెప్పుకాలితో చెరిపేశాను.
మూడూ అయిదూ ఏడూ దగ్గర మాత్రం
కాలు కాసేపు ఆగింది.

టీ వచ్చింది. సగం గ్లాసే.
"పన్నెండంటివి కదరా,"
మిగతా సగం తను తాగుతూ అన్నాడు మావ.