ఇరవై ఎనిమిది నిమిషాలు

అలిపిరిలో చీటీ ఇస్తారు, టైము కొట్టి.
ఇరవై ఎనిమిది నిమిషాలకు ముందే కొండెక్కితే
జరిమానా.

చెంగల్రాయుడు చీటీని అద్దం కింద దోపుతాడు.
శ్రీపెరంబుదూరు ట్రాక్‌లో
సెకనులో పదోవంతు కోసం
పక్కకారు తలుపు గీరి, తన అద్దం రాల్చుకుని
మూడో కప్పు తెచ్చినోడు.
టైర్లకు చేసిన అప్పు
ఆఖరికి ఇంజనే అమ్మి తీర్చినోడు.

వెనకసీట్లో పుంగనూరోళ్లు.
వాంతి రాకుండా నిమ్మకాయ వాసన చూస్తూ ముసలామె:
"నిమ్మళంగా పో నాయనా."

నిమ్మళంగానే పోతాడు.
మలుపు మలుపుకీ కుడికాలు మాత్రం
వేళ్లు బ్రేకు మీద, మడమ యాక్సిలేటరు మీద,
పాత వంకర పోనీదు.

పైన గేటు ఇంకా ఫర్లాంగుండగా
నాలుగు నిమిషాలు మిగిలిపోయాయి.
బండి పక్కకు తీసి, ఇంజనాపి,
స్టీరింగు మీద చేతులుంచి కూర్చున్నాడు.

"ఏమైంది నాయనా, ఆపేసినావు?"

"ముందొచ్చేసినామవ్వా."